పోటు వచ్చేలోగా తీరంలో దారి తెరవడానికి ఇంజనీర్లకు ఎంత సమయం లెక్కేయాలి?

సముద్రం మీంచి దిగే దాడిలో ఆర్మీ ఇంజనీర్ల పని గురించి ఒక లెక్క తేలడం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పండి.

1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో, ఒమాహా అనే తీరంలో 16 ఇంజనీర్ల బృందాలు ఒక్కొక్కటి 50 గజాల వెడల్పున, తీరంలో పాతిన దుంగల్లాంటి అడ్డంకులు పేల్చి పడవలకు దారి తెరవాలి. తొలి ప్రయత్నంలో పూర్తిగా తెరుచుకున్నవి 6. గుర్తు కర్రలు, బోయాలు (నీటిపై తేలే గుర్తులు) పోవడంతో వాటిలో ఒక్కదానికే గుర్తులు పెట్టగలిగారు. గుర్తు లేని దారి నీట మునిగాక, పడవ నడిపేవాడికి అది లేనట్టే.

నీటిమట్టం గంటకు సుమారు 4 అడుగులు, అంటే 1.2 మీటర్లు పెరిగింది. వాలు 50కి 1 అనుకుంటే నీటి అంచు నిమిషానికి మీటరు చొప్పున ముందుకొస్తుంది. నడుం లోతు నీళ్లలో దుంగ మొదట్లో చార్జీ (పేలుడు పదార్థం పొట్లం) కట్టి, వాటిని ఒకేసారి పేల్చే డెటొనేటింగ్ కార్డ్ అనే తాడు కలపడం ఎంత కష్టమో ఊహించండి. పైగా కాల్పులకు పదాతి సైనికులు ఆ దుంగల చాటుకే చేరారు. వాళ్లు కదిలితే తప్ప పేల్చడానికి లేదు. నా ఉద్దేశంలో నీటికన్నా ఈ ఆలస్యమే ఎక్కువ దెబ్బతీసింది.

ఈ ఆలస్యాన్ని ప్రణాళికలో ఎలా కలుపుతారు? పదాతిదళం కన్నా ఇంజనీర్లను ముందు దింపితే వాళ్లకు రక్షణ కాల్పులు ఎవరివ్వాలి? బుల్‌డోజర్ ట్యాంకులు దిగకముందే దెబ్బతింటే, చేతి చార్జీలతో 50 గజాలకు ఎంతమంది కావాలి?