20 హెచ్‌పీ మోటారు బేరింగ్ రెండు నెలలకోసారి పోతోంది

కొత్త సూపర్‌వైజర్:
జీడిమెట్లలో ఒక యూనిట్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా చేరి ఏడు నెలలైంది. కూలింగ్ టవర్ పంపు మోటారుకి కప్లింగ్ వైపు (పంపుకి కలిపే వైపు) 6309 నంబరు బేరింగ్ ఇప్పటికి మూడుసార్లు మార్చాం. మార్చిన రోజు మెత్తగా తిరుగుతుంది. యాభై రోజులు దాటాక సన్నటి కూత మొదలవుతుంది. గ్రీజు పెట్టిస్తే వారం సద్దుమణిగి మళ్లీ అదే. ప్రొడక్షన్ వాళ్ల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. డూప్లికేట్ బేరింగులు అంటగట్టారేమోనని అనుమానం. ఏం చూడమంటారు?

పాత ఫిట్టర్:
ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూడండి. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ బాల్స్ మీదే పడుతుంది. హీటర్ మీద 110 డిగ్రీలు చేసి, గ్లౌజులు వేసుకుని తోస్తే దానంతటదే కూర్చుంటుంది. గ్రీజు కూడా కూరి కూరి నింపొద్దు, వేడెక్కుతుంది.

22 ఏళ్ల మెయింటెనెన్స్:
తమ్ముడూ, డూప్లికేట్ సంగతి తర్వాత. తీసిన బేరింగులు ఏం చేశావు? స్క్రాప్‌లో వేసి ఉంటే వెంటనే వెతికించు. బయటి రింగు కోయించి, బాల్స్ తిరిగే ట్రాక్ తుడిచి చూడు. ఒకవైపే అరిగి ఉంటే అలైన్‌మెంట్ సంగతి, అంటే మోటారు, పంపు షాఫ్టులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడాలి. మోటారు నాలుగు కాళ్లూ సమంగా ఆనుతున్నాయో లేదో కూడా చూడు. డయల్ గేజ్ పెట్టి ఒక్కో బోల్టు వదులు చేస్తే, 0.05 మిల్లీమీటరు కంటే ఎక్కువ లేచిన కాలు కింద షిమ్ (పల్చటి రేకు) కావాలి. ఇంకో మాట, ఆ మోటారుకి ఈమధ్య వీఎఫ్‌డీ, అదే వేగం తగ్గించి పెంచే డ్రైవ్, పెట్టారా?

కొత్త సూపర్‌వైజర్:
అన్నా, ఒకటి దొరికింది. గ్రీజు కాటుకలా నల్లగా ఉంది. తుడిస్తే ట్రాక్ మీద దువ్వెన పళ్లలా వరుసగా అడ్డగీతలు, గోటికి తగులుతున్నాయి. కరెంటు ఆదా కోసమని మార్చిలో డ్రైవ్ పెట్టారు. మొదటి బేరింగ్ మేలో పోయింది! ఆ రెండూ కలిపి ఆలోచించనే లేదు.

22 ఏళ్ల మెయింటెనెన్స్:
అయితే అదే. డ్రైవ్ వల్ల షాఫ్ట్‌లో వోల్టేజి పుట్టి, బేరింగ్ గుండా ఎర్తుకి దూకుతోంది. దూకిన ప్రతిసారీ ట్రాక్ మీద చిన్న గుంట పడుతుంది. ఏ బ్రాండు వేసినా ఇంతే. షాఫ్ట్‌కి ఆని ఆ కరెంటును నేరుగా ఎర్తుకి పంపే షాఫ్ట్ ఎర్తింగ్ బ్రష్ పెట్టించు, డ్రైవ్ నుంచి మోటారుకి షీల్డ్ (లోహపు తొడుగు) ఉన్న కేబుల్ వేయించి, షీల్డ్‌ను రెండు చివర్లా ఎర్త్ చేయించు. బ్రష్ ఆనే చోట షాఫ్ట్ మీద పెయింటు, తుప్పు నువ్వే నిలబడి గీకించు. పనికి ముందు మెయిన్ స్విచ్‌కి తాళం వేయించి, తాళంచెవి నీ జేబులో ఉంచుకో.