పొటాషియం ఛానెల్ మూస్తే న్యూరాన్ ఫైరింగ్ (అది కొట్టే స్పైకులు, అంటే విద్యుత్ పల్స్‌లు) పెరుగుతుందా, పడిపోతుందా?

ఫిజియో_కర్నూలు:
పెరుగుతుంది. పొటాషియం బయటికి పోయే దారి మూస్తే కణాన్ని అణిచేది తగ్గుతుంది. ఈ ఛానెళ్లు మూసే మందు 4-అమినోపిరిడిన్ (4-ఏపీ) మోతాదు మించితే ఫిట్స్ వస్తాయి, అంతకన్నా సాక్ష్యమేం కావాల?

కడప_న్యూరో:
ఏ ఛానెలో చెప్పకుండా ఆ మాట అనలేమన్నా. కార్టెక్స్‌లో కొన్ని ఇంటర్‌న్యూరాన్లు సెకనుకు 200 స్పైకులు కొట్టగలిగేది కేవీ3 అనే పొటాషియం ఛానెల్ వల్లే. 1 మిల్లీమోలార్ టీఈఏ అనే మందుతో అది చాలావరకు మూతపడుతుంది. స్పైకు వెడల్పవుతుంది, ఆ వెంటనే వోల్టేజీ లోతుగా దిగడం తగ్గుతుంది. అలా దిగితేనే సోడియం ఛానెళ్లు ఇనాక్టివేషన్ (స్పైకు తర్వాతి తాత్కాలిక మూత) నుంచి తేరుకునేది. తేరుకోకపోతే స్పైకులు పొట్టిబడి ఫైరింగ్ పడిపోతుంది. అదే డెండ్రోటాక్సిన్‌తో (పాము విషంతో) కేవీ1 అనే మరో పొటాషియం ఛానెల్ మూసి చూడండి, త్రెషోల్డ్ (స్పైకు మొదలయ్యే వోల్టేజీ) కిందికొచ్చి చిన్న కరెంటుకే స్పైకులొస్తాయి.

ఫిజియో_కర్నూలు:
ఆ ఇంటర్‌న్యూరాన్లు గాబా (పక్క కణాలను అణిచే రసాయనం) వదిలేవే కదా? అవి నెమ్మదిస్తే మెదడు ఉత్తేజం పెరుగుతుంది. నా మాటే నిలిచింది.

అనంత_ప్యాచ్:
అది నెట్‌వర్క్ సంగతి. ఒక్క కణం సంగతి తేలాలంటే ముందు సినాప్సులను (కణాల మధ్య సంకేతాలు దాటే చోట్లను) మందులతో ఆపాల: సీఎన్‌క్యూఎక్స్ 10, ఏపీవీ 50, గాబజిన్ 10 మైక్రోమోలార్. లేకపోతే 4-ఏపీ యాక్సాన్ (న్యూరాన్ పొడవాటి తీగ) చివర స్పైకును సాగదీసి, కాల్షియం ఎక్కువ రానిచ్చి, ట్రాన్స్‌మిటర్ (సంకేత రసాయనం) విడుదల పెంచుతుంది. కణం తనంతట తాను ఫైర్ అయిందా, పక్కవి తోశాయా తెలీదు.

మోతాదు తప్పితే ఛానెలే మారిపోతుంది. 100 మైక్రోమోలార్ 4-ఏపీ కేవీ1, కేవీ3 రెండింటినీ తాకుతుంది. కేవీ4 అనే ఇంకో పొటాషియం ఛానెల్ మూయాలంటే మిల్లీమోలార్లు పోయాల. అంత పోస్తే ద్రవం క్షారమవుతుంది, కార్బోజెన్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన వాయువు) ఆడించాక పీహెచ్ మళ్లీ 7.4కు తేవాల. టీఈఏ 10 మిల్లీమోలార్ వేస్తే అంతే సోడియం క్లోరైడ్ తగ్గించాల, లేకుంటే ఆస్మోలారిటీ (ద్రవంలో కరిగినవాటి గాఢత) పెరుగుతుంది.

మన అనంతపురం మే నెలలో ఏసీ లేని గదిని ‘గది ఉష్ణోగ్రత’ అని రాయొద్దండి. స్లైసుకు (పరీక్షించే పలుచటి మెదడు ముక్కకు) 32–34 డిగ్రీలు నిలపాల. 10 డిగ్రీల తేడాకు ఛానెళ్ల తెరుచుకునే వేగం దాదాపు 3 రెట్లు మారుతుంది. చల్లటి స్లైసులో స్పైకు ముందే వెడల్పు, మందు చేసిందేదో విడిగా కనబడదు.

కడప_న్యూరో:
ఒకే కరెంటు దగ్గర చూసి తీర్పు చెప్పొద్దు. 0 నుంచి 500 పికోయాంపుల దాకా 50 చొప్పున పెంచుతూ గ్రాఫ్ గీయండి. చాలాసార్లు తక్కువ కరెంటు దగ్గర ఫైరింగ్ పెరిగి, ఎక్కువ దగ్గర డీపోలరైజేషన్ బ్లాక్‌లో (వోల్టేజీ కిందికి దిగక స్పైకు రాని స్థితిలో) పడి ఆగిపోతుంది. ఇద్దరికీ కావలసింది ఒకే గీతలో దొరుకుతుంది.

ఫిజియో_కర్నూలు:
గ్రాఫ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల పైపొర మైలిన్ ఊడే జబ్బు) రోగులకు నడక కోసం ఇచ్చే డాల్‌ఫాంప్రిడిన్ ఇదే 4-ఏపీ, 10 మిల్లీగ్రాములు 12 గంటలకోసారి. కిడ్నీ దెబ్బతింటే మందు పేరుకుని ఫిట్స్ వస్తాయని ఇవ్వరు. మనిషిలో ఉత్తేజమే కనబడుతోంది కదా?

అనంత_ప్యాచ్:
ఆ మోతాదుకు రక్తంలో ఉండేది మైక్రోమోలారులో ఐదో వంతు అన్నా. స్లైసులో పోసేది దానికి 500 రెట్లు. కేవీ3 దెబ్బతినేంత మందు రోగి మెదడుకు చేరదు, కాబట్టి ఆ ఫిట్స్‌ను మా కేవీ3 వాదానికి ఎదురుగా నిలపలేరు. మైలిన్ ఊడిన యాక్సాన్‌లో బయటపడ్డ కేవీ1 గురించైతే వేరే చర్చ తెరుద్దాం.