వంకర పడవ, గుండ్రటి పడవ, తెరచాప బదులు గొట్టం: వీటి వెనక లెక్క ఏమిటి?

నీటిగీత:

వింత పడవల ఫొటోలు, నక్షాలు పోగేస్తున్నాను. ఒక్కటే నియమం: ఆ వింత ఆకారం ఎందుకు వచ్చిందో తెలిస్తేనే ఫోల్డర్‌లో చోటు. నాలుగింటి దగ్గర ఆగిపోయాను.

వెనిస్ గొండోలాను సరిగ్గా పైనుంచి చూస్తే అరటిపండులా ఒక పక్కకు వంగి ఉంటుంది. చెక్క వంగిపోయిందా, కావాలనే అలా కడతారా?

మైక్రోనేషియా దీవుల ప్రోవా అనే తెరచాప పడవకు రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి. పక్కన తేలే దుంగ ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలట. మరి దిశ మార్చాలంటే ఎలా?

పుట్టి మనకు తెలిసిందే. అదే ఆకారంలో రష్యా యుద్ధనౌక కట్టిందనీ, ఫిరంగి పేలిస్తే బొంగరంలా తిరిగేదనీ అంటారు. నిజమేనా?

చివరిది ఫ్లెట్నర్ రోటర్ ఓడ. తెరచాప లేదు, నిలువు గొట్టాలు తిరుగుతాయి. 60 సెం.మీ. పొడవున్న నమూనా కట్టి చెరువులో నడపాలని ఉంది. కొలతలు, ఎక్కడ చెడుతుందో చెబితే మేలు.

తెడ్డుమాట:

గొండోలా వంకర కావాలని పెట్టిందే. పొడవు దాదాపు 11 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు. ఎడమ సగం కుడి సగం కంటే 24 సెం.మీ. వెడల్పు. నడిపే మనిషి వెనక కొసన, ఎడమ పక్కన నిలబడి, ఒకే ఒక్క తెడ్డును కుడివైపు వేస్తాడు. మామూలు పడవలో ఇలా కుడివైపే తోస్తూ పోతే ముక్కు ఎడమకు తిరుగుతూ ఉంటుంది, ప్రతి తోపుకూ సరిచేసుకోవాలి. ఆ సరిచేసే పనిలో సగం ఇక్కడ పడవ వంకరే చేసేస్తుంది. ఎవరూ ఎక్కని గొండోలా కుడికి ఒరిగి తేలుతుంది. మనిషి ఎడమన నిలబడ్డాకే సమంగా కుదురుతుంది. కట్టేసి ఉన్న గొండోలా ఫొటో దొరికితే ముందు ఆ ఒరుగుడు చూడండి, వంకర సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ముందు కొసన నిలబెట్టిన పళ్ల దువ్వెన లాంటి ఇనుప ముక్క కూడా అలంకారం మాత్రమే కాదు. వెనక నిలబడిన మనిషి బరువుకు అది ఎదురు బరువు. కానీ ఈ పడవ మొత్తంలో తెలివైన భాగం ఏదంటే నేను ఫోర్కొలా అంటాను. తెడ్డు ఆనే ఆ వాల్‌నట్ కొయ్య ముక్కలో ఎన్నో నొక్కులు, మలుపులు ఉంటాయి. తెడ్డును ఎక్కడా బిగించరు. ఒక నొక్కులో ఆనిస్తే ముందుకు గట్టి తోపు, ఇంకో చోట నెమ్మది నడక, మరో చోట వెనక్కి, ఇంకో చోట ఆపడం. అంటే గేర్లపెట్టె మొత్తాన్ని ఒకే కొయ్యలో చెక్కేశారన్నమాట. మీ ఫోల్డర్‌లో దానికి విడిగా దగ్గరి ఫొటో ఉండాలి.

ఇక ప్రోవా. మామూలు తెరచాప పడవ గాలికి ఎదురుగా పోవాలంటే ముక్కును గాలి మీదుగా తిప్పి జిగ్‌జాగ్‌గా వెళ్తుంది. ప్రోవా అలా తిరగదు, ముక్కును తోకగా మార్చుకుంటుంది. క్రమం ఇలా ఉంటుంది:

ముందు పడవను గాలికి అడ్డంగా తెచ్చి, తెరచాప తాడు వదులుతారు. పడవ ఆగుతుంది. తెరచాప కింది మూల అప్పటిదాకా ముందు కొసన ఆని ఉంటుంది. దాన్ని ఎత్తి, గాలి పోయే వైపు గుండా అవతలి కొసకు మోసుకెళ్లి ఆనిస్తారు. దాంతోపాటే స్తంభం కూడా కొత్త ముక్కు వైపు వాలుతుంది. చుక్కాని తెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు మారుతుంది. తాడు లాగితే పడవ వచ్చిన దారికి ఎదురు దిశలో కదులుతుంది. దుంగ మాత్రం మొదటి నుంచీ గాలి వచ్చే వైపే ఉండిపోయింది, గమనించారా?

దుంగ తేలడం కోసం కంటే బరువు కోసం ఉంది. గాలి పడవను అటువైపు ఒరగదోస్తుంటే దుంగ ఇటువైపు ఊగుతూ నీటి నుంచి లేస్తుంది, అవసరమైతే మనుషులు దాని మీదికి పోతారు. ప్రధాన పడవ అడ్డుకోత కూడా అసమానమే: గాలి వచ్చే వైపు ఉబ్బెత్తు, గాలి పోయే వైపు చదును. పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆ ఉబ్బు అడ్డుకుంటుంది.

ఎక్కడ చెడుతుంది? గాలి హఠాత్తుగా అవతలి వైపు నుంచి తగిలినప్పుడు. తెరచాప స్తంభానికి అతుక్కుంటుంది. స్తంభాన్ని నిలబెట్టే తాళ్లు ప్రధానంగా దుంగ వైపే ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకునేది లేక విరగవచ్చు, పడిపోవచ్చు. పైగా దుంగ ఇప్పుడు బరువు మోయాల్సిన వైపుకు వచ్చేసింది, అది అందుకు కట్టింది కాదు, మునుగుతుంది. అందుకే చుక్కాని పట్టినవాడి కళ్లు ఎప్పుడూ తెరచాప అంచు మీదే ఉండాలి.

చుక్కానిచేయి:

గుండ్రటివాటి మాట నేనందుకుంటాను.

పుట్టిని పడవలా పక్కన తెడ్డు వేసి తోస్తే గిరగిరా తిరగక ఏం చేస్తుంది? కింద కీల్ అనే వెన్నుదూలం లేదు, ముక్కు లేదు, నీటిలో దిశ పట్టుకునే అంచే లేదు. అందుకే తెడ్డును పక్కన కాదు, పోవలసిన దిక్కున ముందు వేస్తారు. ఆ అంచు మీదికి కాస్త వంగి, తెడ్డుతో నీటిలో అడ్డంగా 8 అంకె గీస్తూ నీటిని తమవైపు లాగుతారు. కుడివైపు గీత తిప్పిన తిప్పుడును ఎడమవైపు గీత రద్దు చేస్తుంది, మిగిలేది ముందుకు లాగుడు. రెండు గీతలూ సమానంగా రాకపోతే పుట్టి వెంటనే చెప్పేస్తుంది.

ఇంత ఇబ్బంది ఉన్నా ఆ ఆకారం ఎందుకు నిలిచిందంటే, వెదురు బద్దలతో బుట్ట అల్లినట్టు అల్లవచ్చు, పైన ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. అడుగు చదును కాబట్టి జానెడు లోతులోనూ తేలుతుంది. బండకు తగిలితే విరగదు, అణిగి మళ్లీ లేస్తుంది. టైగ్రిస్ నది మీది గుఫ్ఫా కూడా ఈ కులందే, కాకపోతే అది చుట్టలు చుట్టి కుట్టిన బుట్ట, పైన సహజమైన తారు పూత. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వర్ణించిన తోలు పడవల లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది: సరుకుతోపాటు ఒక గాడిదను ఎక్కించుకుని వాలు వెంట బాబిలోన్ చేరేవారు. అక్కడ సరుకూ, పడవ చట్రం కొయ్యా అమ్మేసి, తోళ్లను గాడిద మీద వేసుకుని నడిచి తిరిగి వెళ్లేవారు. ప్రవాహానికి ఎదురు గుండ్రటి పడవ ఎక్కదు కదా!

రష్యా ఓడ పేరు నొవ్‌గొరొద్, 1873. అడ్మిరల్ పొపోవ్ ఆలోచన. వ్యాసం 30.8 మీటర్లు, ఆరు ప్రొపెల్లర్లు, రెండు 11 అంగుళాల ఫిరంగులు. లెక్క తప్పు కాదు: ఒకే వైశాల్యానికి అన్నిటికంటే తక్కువ చుట్టుకొలత వృత్తానిదే. చుట్టుకొలత తగ్గితే కవచం బరువు తగ్గుతుంది, అదే బరువుతో ఇంకా మందమైన ఇనుము వేయవచ్చు. నల్లసముద్రపు లోతు తక్కువ చోట్ల తీరం కాయడానికి తేలే కోట కావాలి, అది దొరికింది.

ఓడ అనే మాటకొస్తేనే చిక్కు. నీటిని చీల్చడానికి ముక్కు లేదు కాబట్టి వేగం ఆరేడు నాట్లు, అంటే గంటకు 11-13 కిలోమీటర్లు. వెడల్పాటి ఒంటి వెనక నీరు చెదిరిపోయి చుక్కానికి సరైన ప్రవాహం అందదు, కాబట్టి మాట వినదు. బొంగరం కథ మాత్రం అతిశయం. ఫిరంగి పేలితే తిరిగింది ఓడ కాదు, ఫిరంగి కింది తిరుగుడు పీఠం. దాన్ని బిగించే లాకులు బలహీనం. తర్వాత వాటిని బలపరిచారు. చెప్పేవాళ్లు పీఠాన్ని వదిలి ఓడనే తిప్పేశారు!

తాపడం:

రోటర్ నమూనాకు నా లెక్క. ముందు సూత్రం ఒక్క ముక్కలో: తిరిగే గొట్టం ఏ పక్కన గాలితోపాటు కదులుతుందో, తోపు ఆ పక్కకే ఉంటుంది. ముక్కు పైకి పెట్టి పైనుంచి చూస్తున్నారనుకోండి. గాలి ఎడమ నుంచి వస్తే గొట్టం గడియారం ముల్లు దిశలో తిరగాలి, కుడి నుంచి వస్తే ఎదురు దిశలో. పొరపాటైతే పడవ వెనక్కి పోతుంది. కాబట్టి మోటారును రెండు దిశల్లోనూ తిప్పే స్విచ్ తప్పనిసరి.

అసలు ఓడ బుకావ్ (1924). దాని రెండు రోటర్లు ఒక్కోటి దాదాపు 15 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వ్యాసం. 1926లో బాడెన్-బాడెన్ అనే కొత్త పేరుతో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది. అప్పట్లో ఇంధనం చౌక కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఈ-షిప్ 1 నాలుగు రోటర్లతో వచ్చింది, ఒక్కోటి 27 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల వ్యాసం.

60 సెం.మీ. హల్‌కు, అంటే పడవ ఒంటికి:

హల్ వెడల్పు 16 సెం.మీ., అడుగు చదును, మొత్తం బరువు 1.3 నుంచి 1.5 కిలోలు. కింద 12 సెం.మీ. లోతు, 10 సెం.మీ. వెడల్పు రెక్క, దాని అడుగున 250 గ్రాముల సీసం. రెక్క లేకపోతే పడవ ముందుకు పోయినంతా పక్కకూ కొట్టుకుపోతుంది.

రోటర్ ఒకటి చాలు. వ్యాసం 75 మి.మీ., ఎత్తు 300 మి.మీ. నీళ్ల పైపు ముక్క వాడకండి, ఆ బరువు పైన ఉంటే పడవ తలకిందులవుతుంది. పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి అంటించండి, గొట్టం 80 గ్రాములు దాటకూడదు. పై కొసన 130 మి.మీ. వ్యాసం ఉన్న పళ్లెం పెట్టండి. చాలామంది దీన్ని అలంకారమనుకుని వదిలేస్తారు. అది లేకపోతే కొసన గాలి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారిపోయి తోపు బాగా తగ్గుతుంది.

4 మి.మీ. ఉక్కు కడ్డీని హల్‌లో నిలువుగా బిగించండి, అది తిరగదు. దాని మీద అదే రంధ్రం ఉన్న బేరింగులు రెండు, ఒకటి గొట్టం అడుగున, ఒకటి పై కొసకు దగ్గరగా. గొట్టం వాటి మీద తిరుగుతుంది. అడుగున 40 మి.మీ. చక్రం, మోటారుకు 10 మి.మీ. చక్రం, మధ్య రబ్బరు బెల్టు. మోటారు నిమిషానికి 6000 తిరిగితే గొట్టం 1500 తిరుగుతుంది.

ఆ 1500 ఎక్కడిది? గొట్టం ఉపరితలం వేగం గాలి వేగానికి మూడింతలు ఉండాలని లెక్క. గాలి సెకనుకు 2 మీటర్లైతే 6 కావాలి. 75 మి.మీ. గొట్టం చుట్టుకొలత 0.236 మీటర్లు; సెకనుకు 25 చుట్లు, నిమిషానికి సుమారు 1500. అప్పుడు దొరికే తోపు 20 నుంచి 30 గ్రాముల బరువంత. తక్కువనిపిస్తుంది కానీ ఈ హల్‌కు చాలు.

చెడే చోట్లు. మొదటిది ఊగుడు. అంటించిన అతుకు వైపు బరువు ఎక్కువ కాబట్టి గొట్టం వణుకుతుంది. కడ్డీని అడ్డంగా పట్టుకుని గొట్టాన్ని వదలండి, బరువైన పక్క కిందికి వస్తుంది. ఎదురు పక్కన టేపు ముక్కలు అంటించండి, ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా. పడవ కట్టడం కంటే దీనికే ఎక్కువ సమయం పడుతుంది, పట్టనివ్వండి.

రెండోది రోటర్ చోటు. గాలి దాన్ని పక్కకూ నెడుతుంది కదా. రెక్క మధ్యగీత కంటే రోటర్ బాగా ముందుంటే ముక్కు గాలి పోయే వైపుకు తిరిగిపోతుంది, వెనకుంటే గాలి వచ్చే వైపుకు. కడ్డీ అడుగు బిగించే చోట 5 సెం.మీ. గాడి పెట్టి, ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు ఉంచండి. నక్షాలో సరైన చోటు కనుక్కోవాలని కూర్చోకండి, నీటిలోనే దొరుకుతుంది.

ఒక్కసారిగా పూర్తి వేగం ఇవ్వకండి. గొట్టం వేగం అందుకునేటప్పుడు హల్ ఎదురు దిశలో మెలితిరుగుతుంది.

గాలికి అడ్డంగా నడిపితేనే దీని అందం. సరిగ్గా వెనక నుంచి గాలి వస్తే తోపంతా పక్కకే పోతుంది, కాబట్టి ఆ దిక్కుకు కూడా ఏటవాలుగా జిగ్‌జాగ్ వెళ్లాలి. తెరచాపకు అన్నిటికంటే సులువైన గాలి దీనికి పనికిరాదు.

నీటిగీత:

అందరికీ కృతజ్ఞతలు. నొవ్‌గొరొద్ కింద ఫిరంగి పీఠం సంగతి రాసి పెట్టుకున్నాను. ఇంకొకటి: సముద్రం మీద అస్సలు ఊగని ఓడ కావాలని కట్టినవేవైనా ఫోల్డర్‌కు తగినవి ఉన్నాయా? రోటర్ బెల్టు తడిస్తే?

చుక్కానిచేయి:

రెండు పెట్టండి, పక్కపక్కనే. ఒకటి ఓడిపోయింది, ఒకటి గెలిచింది.

ఓడింది బెస్సెమర్, 1875. ఉక్కు తయారీ పద్ధతి కనిపెట్టిన హెన్రీ బెస్సెమర్‌కు సముద్ర ప్రయాణం పడదు, వాంతులు. ఓడ లోపల ప్రయాణికుల హాలును ఇరుసు మీద వేలాడదీసి, హైడ్రాలిక్స్‌తో సమంగా ఉంచాలనుకున్నారు. ఒక మనిషి రసమట్టం చూస్తూ మీట తిప్పాలి. అల వచ్చి, మట్టం కదిలి, కన్ను చూసి, చెయ్యి కదిలేలోపు ఓడ అవతలి పక్కకు ఒరుగుతూ ఉంటుంది. అదీగాక ఓడ చుక్కాని మాట వినలేదు, ఫ్రాన్స్‌లోని కాలే అనే రేవులో గట్టును గుద్దింది.

గెలిచింది ఫ్లిప్, 1962, అమెరికా సముద్ర పరిశోధనకు. 108 మీటర్ల పొడవు, ఇంజిన్ లేదు, లాక్కెళ్లాలి. చోటు చేరాక వెనక ట్యాంకుల్లోకి నీరు వదిలితే అరగంటలోపు నిటారుగా నిలబడుతుంది: సుమారు 91 మీటర్లు నీటిలో, 17 మీటర్లు పైన. అల కదలిక లోతుకు పోయేకొద్దీ చాలా త్వరగా చచ్చిపోతుంది; అల పొడవులో సగం లోతుకే పైన ఉన్నదాంట్లో దాదాపు 4 శాతం మిగులుతుంది. ఈ గొట్టం చాలాభాగం ఆ నిశ్చల నీటిలో నాటుకుని ఉంటుంది. పైగా నీటిమట్టం దగ్గర వ్యాసం 6 మీటర్ల నుంచి 3.8కి సన్నబడుతుంది, పైనున్న అలకు పట్టుకోవడానికి చోటు తక్కువ. లోపల గది గోడ నేల అవుతుంది కాబట్టి సింకులు రెండేసి, తలుపులు నేలలోనూ గోడలోనూ. 2023లో సేవ నుంచి తప్పించారు. ఫొటో ఎంచుకుంటే సగం ఒరిగి ఉన్నది ఎంచుకోండి, మునిగిపోతున్న ఓడ అనుకుని అడగనివాళ్లు ఉండరు.

తాపడం:

బెల్టు తడిస్తే జారుతుంది, రోటర్ వేగం పడిపోతుంది, మోటారు చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. మోటారును డెక్ కింద పెట్టండి, బెల్టు చుట్టూ 2 సెం.మీ. ఎత్తు గట్టు కట్టండి. గొట్టం మీద ఒక నల్లగీత గీయండి. సరైన వేగంలో అది కంటికి కనబడకుండా కలిసిపోతుంది. గీత విడిగా కనబడిందంటే బెల్టు జారుతోందని అర్థం, పడవను ఒడ్డుకు లాగేయండి.