ఎన్ స్కేల్‌లో చెట్ల ఎత్తు: లెక్క ప్రకారమా, కంటికి నప్పినట్టా?

చిన్నబండి:
అందరికీ నమస్కారం. బల్ల మీద చిన్న రైలు నమూనా (లేఅవుట్) కడుతున్నాను. నాది ఎన్ స్కేల్, అంటే 1:160, ప్రతిదీ అసలు కొలతలో 160వ వంతు. బల్ల 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు. పట్టాలు వేయడం, కంకర అతికించడం అయిపోయాయి. వెనక వైపు ఫోమ్ పలకలు పేర్చి 14 సెంటీమీటర్ల కొండ చెక్కాను. చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. 20 మీటర్ల చెట్టు మన స్కేల్‌లో పన్నెండున్నర సెంటీమీటర్లు. దాన్ని కొండ పక్కన నిలబెడితే కొండ కాస్తా మట్టిదిబ్బలా కనిపిస్తోంది. పోనీ 5 సెంటీమీటర్ల చెట్లు పెడదామంటే, లెక్క కడితే అవి 8 మీటర్లే. వారం రోజులుగా ఇదే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

కొలబద్ద:
పన్నెండున్నరే పెట్టండి. బండి 1:160లో ఉంది, ఇల్లు 1:160లో ఉంది, చెట్టు మాత్రం ఎందుకు తగ్గాలి? అసలు ఇంజిన్ ఎత్తు సుమారు 4 మీటర్లు, మన దగ్గర రెండున్నర సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల చెట్టంటే ఇంజిన్‌కి రెండింతలు, అంతే. పట్టాల పక్కన ఎదిగిన చెట్టు అంత పొట్టిగా ఉంటుందా? రెడీమేడ్ చెట్ల ప్యాకెట్లు చూడండి, ఒక్కోదాని మీద రెండు మూడు స్కేళ్ల పేర్లు కలిపి రాసి ఉంటాయి. వాటిని చూసీ చూసీ మన కళ్లు పొట్టి చెట్లకి అలవాటు పడ్డాయి. కొండ దిబ్బలా ఉందంటే తప్పు కొండది, చెట్టుది కాదు.

పచ్చికొండ:
కొలబద్ద గారూ, ఈ వాదన చెట్ల దగ్గరే ఎందుకు ఆగింది? 400 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును లెక్క ప్రకారం వేస్తే రెండున్నర మీటర్లు కావాలి. మనం వేసేది 28 సెంటీమీటర్లు. అంటే 45 మీటర్ల మలుపు. పెద్ద బండి ఏదీ అలాంటి చోట తిరగదు. 14 సెంటీమీటర్ల కొండంటే 22 మీటర్లు, అసలు కొండే కాదది. కొండ, మలుపు, ప్లాట్‌ఫారం అన్నీ కుదించేసి చెట్టుకి మాత్రం పూర్తి కొలత ఇస్తే, మిగతా కుదింపంతా ఒక్కసారిగా బయటపడిపోతుంది.

అమెరికాలో పేరున్న రైలు నమూనాల కళాకారుడు జాన్ అలెన్ తన గోరీ అండ్ డెఫీటెడ్ లేఅవుట్‌లో చేసింది ఈ కుదింపే. అది హెచ్ఓ స్కేల్, 1:87. వెనక్కి వెళ్లేకొద్దీ వస్తువుల్ని చిన్నవి చేసి, గదిలోనే మైళ్ల దూరం ఉన్నట్టు చూపించాడు. ఆయన చేతికి కొలత రాక అలా చేయలేదు కదా.

కొలబద్ద:
అలెన్ వెనకున్నవి చిన్నవి చేశాడు. పట్టాల పక్కనున్నవి కాదు. నేను అడుగుతున్నది పట్టాల పక్క చెట్టు గురించి.

తీగచెట్టు:
ఇద్దరూ ఎత్తు దగ్గరే ఉండిపోయారు. నేను చెట్లు కట్టడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మొదటి లేఅవుట్‌లో అన్నీ 4 సెంటీమీటర్లవి పెట్టి, రెండేళ్ల తర్వాత ఒక్కటి కూడా మిగల్చకుండా పీకేశాను. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బల్లకి 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడి చూస్తే, 1:160లో అది 96 మీటర్లు. అంత దూరం నుంచి నిజమైన చెట్టును చూడండి. ఆకు కనిపించదు. ఆకారం, రంగు, కొమ్మల మధ్య నుంచి కనిపించే ఆకాశం, ఇవే కనిపిస్తాయి. మనం చేసే చెట్లలో ఆ ఆకాశమే ఉండదు. కర్రకి గుచ్చిన స్పాంజి ముద్ద పన్నెండు సెంటీమీటర్లున్నా ఐదున్నా ముద్దే. పెద్దదైతే ఆ లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చిన్నబండి గారి కొండను దిబ్బలా చూపిస్తున్నది ఎత్తు ఒక్కటే కాదని నా అనుమానం.

నేను చేసే పద్ధతి ఇది. పాత కరెంటు వైరు ఒలిచి, లోపలి సన్నటి రాగి తీగలు ఇరవై ఇరవై అయిదు కలిపి మెలిపెడతాను. కింద మూడో వంతు కాండం. పైన మూడేసి తీగలు విడదీసి కొమ్మలు, వాటి చివర ఒక్కో తీగ రెమ్మ. ఫెవికాల్‌లో మెత్తటి రంపపు పొట్టు కలిపి కాండానికి రెండు పూతలు వేస్తే తీగ మెలికలు కప్పబడతాయి. రంగు చాక్లెట్ గోధుమ వద్దు. బెరడు దూరం నుంచి బూడిద రంగులోనే కనిపిస్తుంది. ఆ తర్వాత పాలిస్టర్ దూదిని వెలుతురు కనిపించేంత పల్చగా లాగి రెమ్మల మీద వేసి, జిగురు స్ప్రే చేసి, సన్నటి స్పాంజి పొడిని పైనుంచి మాత్రమే చల్లుతాను. కింది వైపు ఖాళీగా, నీడగా ఉండిపోవాలి. ఒక్కో చెట్టుకి గంట పడుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఇలాంటివి ముందు వరుసలో ఆరు చాలు. అవి పూర్తి కొలతలో ఉండాలి. పక్కనే బండి వెళ్తుంది, కన్ను పోల్చి చూస్తుంది. ఆ విషయంలో నేను కొలబద్ద గారి వైపే.

కొండ మీదికి వెళ్లేకొద్దీ 9, 7, 5 అలా తగ్గించండి, రంగు కూడా కొంచెం తెల్లబారనివ్వండి. అడవి మధ్యలో కాండాలు అక్కర్లేదు, పైన ఆకుల గుబురు చాలు.

గడ్డికీ ఇదే లెక్క. 6 మిల్లీమీటర్ల కృత్రిమ గడ్డి పోగు మన స్కేల్‌లో 96 సెంటీమీటర్లు, మనిషికి నడుము దాటుతుంది. పట్టాల పక్కన 2 మిల్లీమీటర్లది చాలు.

పచ్చికొండ:
తీగచెట్టు గారూ, చెట్టు కట్టే పద్ధతికి దండం పెడతాను. కానీ ముందు వరుసలో పన్నెండు సెంటీమీటర్ల చెట్లు ఆరు నిలబెడితే బండి కనిపిస్తుందా? పైగా బోగీ పట్టాలు తప్పితే చెయ్యి పెట్టాలి. ఒక్కసారి మోచెయ్యి తగిలితే గంట కష్టం పోయినట్టే.

కొలబద్ద:
బండి పూర్తిగా కనిపించకూడదు. చెట్ల వెనక్కి వెళ్లి మళ్లీ బయటికి వస్తే మీటరున్నర పట్టా కూడా పొడవుగా అనిపిస్తుంది. మోచెయ్యి సంగతి నిజమే. కాండం అడుగున తీగను కొంచెం పొడుగ్గా వదిలి ఫోమ్‌లో గుచ్చండి, జిగురు పెట్టొద్దు. కావాల్సినప్పుడు తీసేయొచ్చు.

పచ్చికొండ:
గుచ్చడం బాగుంది, ఒప్పుకుంటాను. ఇంకో మాట, చిన్నబండి గారి బల్ల ఎంత ఎత్తులో ఉందో ఎవరూ అడగలేదు. నడుము ఎత్తులో ఉంటే పైనుంచి చూస్తాం, చెట్ల తలలే కనిపిస్తాయి. ఎత్తు గురించిన ఈ గొడవంతా కంటి ఎత్తు లేఅవుట్లకే.

చిన్నబండి:
బల్ల 110 సెంటీమీటర్లు. కుర్చీలో కూర్చుంటే కళ్లకి సమానం.

నిన్న రాత్రి అట్టముక్కలతో 12, 9, 5 సెంటీమీటర్ల చెట్ల ఆకారాలు కత్తిరించి గుచ్చి చూశాను. కొండ పక్కన 12 పెడితే ఇప్పటికీ కొండ చచ్చిపోతోంది. అదే చెట్టును స్టేషన్ దగ్గరికి, పట్టాలకి ఇవతలికి తెచ్చి, కొండ మీద 5 పెట్టాను. కొండ వెనక్కి జరిగినట్టయింది! కూర్చుని చూస్తే మాత్రమే. లేచి నిలబడితే కొండ మీదవి పొదల్లా ఉన్నాయి, పచ్చికొండ గారు చెప్పినట్టే. నేను ఎక్కువగా కూర్చునే నడుపుతాను కాబట్టి అలాగే ఉంచుతున్నాను.

ఆరు కాదు, ముందు వరుసకి నాలుగే. వైరు ఒలవడం మొదలుపెట్టాను. తీగచెట్టు గారూ, రంపపు పొట్టు జల్లెడ పట్టాలా?

తీగచెట్టు:
టీ వడకట్టే జల్లెడలో పట్టండి. పైన మిగిలినది పారేయొద్దు, అడవిలో నేల మీద రాలిన ఆకులకి పనికొస్తుంది.