సమస్య: ఎత్తుకెళ్ళినోడె యేడ్చినాడు

మోడరేటర్: నిన్న రాత్రి ఒక డార్క్ కామెడీ చూశా, కిడ్నాప్ బెడిసికొట్టి చివరికి ఎత్తుకెళ్ళినవాడే దిక్కులేకుండా అయిపోతాడు, అప్పట్నుంచీ ఈ పాదం నోట్లోనే ఆడుతోంది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి, కానివ్వండి.

కూకట్‌పల్లి కుర్రాడు:
ఆలిఁ బట్టి దాచి యడుగంగ రొక్కమ్ము
మగడు ‘ఉంచుకొనుము మంచి’ దనియె
తిండి పెట్టి పెట్టి తిప్పలు పడలేక
ఎత్తుకెళ్ళినోడె యేడ్చినాడు

నల్లకుంట మాస్టారు: మూడో పాదం బాగుంది నాయనా. రెండోదాంట్లో మగడు, ఉంచుకొనుము మధ్య సంధి ఏది? ‘మంచి దుంచుకొనుము మగువ ననియె’ అంటే సరిపోయేది. పైగా ఇది 1993లో వచ్చిన శివనాగేశ్వరరావు గారి ‘మనీ’ కథే కదా, జయసుధని ఎత్తుకెళ్తే పరేష్ రావల్ డబ్బు కట్టనంటాడు.

కూకట్‌పల్లి కుర్రాడు: కథ అదే మాస్టారూ, కాదనను. కానీ మీ సవరణలో మొగుడే మాయమయ్యాడు, ఆ మాట మొగుడు అంటేనే కదండీ నవ్వొచ్చేది!

నల్లకుంట మాస్టారు: సరే, నాది చూడు.
జానకమ్మఁ దెచ్చి చావంగ సుతులెల్ల
నింద్రజిత్తు కూడ నిలను గూల
నిరువదైన కనుల నేరులు పారంగ
ఎత్తుకెళ్ళినోడె యేడ్చినాడు

బర్కత్‌పుర అక్కయ్య: ఇరవై కళ్ళ దగ్గర ఆగిపోయా మాస్టారూ, చాలా బాగుంది, కానీ ‘ఇరువదైన’లో ఆ ‘ఐన’ ఊరికే గణం కోసం వచ్చింది. మీకు ఏ సమస్య ఇచ్చినా లంకకే చేరుతుంది, మొన్న వంకాయ మీద ఇస్తే అశోకవనంలో తోట వేశారు, ఆ పద్యానికి నేను మెచ్చుకోలేదని నెల్రోజులు మాట్లాడలేదు కూడా. నాది ఇదిగో:
పేరు జూచి తెచ్చె పేదింటి పోరణ్ణి
ఫోను జేయ తల్లి బోరుమనియె
ఫీజు గట్టి యాటొ పిలిపించి పంపించి
ఎత్తుకెళ్ళినోడె యేడ్చినాడు

మోడరేటర్: అబ్బ! పేరు ఒకటే అని పొరపాటున పేదవాళ్ళ పిల్లాణ్ణి తెస్తే, వాడి స్కూలు ఫీజు కూడా కిడ్నాపరే కట్టాడా! పాపం ఆ తల్లి ఏడుపు వినగానే వీడి బేరం అయిపోయింది. సినిమాలో నాకు నచ్చింది సరిగ్గా ఇదే, నవ్వొస్తూనే గుండె పట్టేస్తుంది.

నల్లకుంట మాస్టారు: వంకాయ పద్యంలో యతి తప్పిందని అన్నది మీరే, తప్పలేదని ఇప్పటికీ అంటాను. దీంట్లో ‘యాటొ’ ఏమిటమ్మా, ఆటోకి దీర్ఘం తీసేస్తే ఎలా? ‘ఫీజు గట్టి బండి పిలిపించి పంపించి’ అనండి.

బర్కత్‌పుర అక్కయ్య: బండి పెడితే గణం కుదురుతుంది గానీ పిల్లాడు బైకెక్కినట్టుంటుంది మాస్టారూ. మన ఊళ్ళో పోరగాణ్ణి ఇంటికి పంపేది ఆటోలోనే. దీర్ఘం పోయినా ఆటో ఉండాల్సిందే.

కూకట్‌పల్లి కుర్రాడు: నా ఓటు అక్కయ్యకే. మాస్టారూ, ఆ వంకాయ పద్యం ఒకసారి మళ్ళీ పెట్టరూ, యతి నేను చూస్తా.