టెస్టులన్నీ పాస్, ఇన్‌స్టాల్ చేస్తే మాడ్యూల్ దొరకదు

హన్మకొండ పిలగాడు:
అన్నా, చిన్న యుటిలిటీ లైబ్రరీ కడుతున్న. జావాస్క్రిప్ట్ కోడ్, నోడ్ 20 మీద నడుస్తది, రోలప్ అనే టూల్‌తోని బిల్డ్ చేస్తున్న. టెస్టులన్నీ పాసే, వేరే ప్రాజెక్టుల ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం మాడ్యూల్ లేదంటుంది. ఇంకోటి, పేరును పొడవు 5 దగ్గర కత్తిరిస్తే ‘వరంగల్’ కాస్తా ‘వరంగల’ అయితుంది.

కాజీపేట జంక్షన్:
నీ టెస్టులు సోర్స్‌నే ఇంపోర్ట్ చేస్తున్నట్టున్నయి, డిస్ట్‌ను, అంటే బిల్డ్ అయిన కోడ్ పడే ఫోల్డర్‌ను, ముట్టలే. గిట్‌ఇగ్నోర్‌ల (గిట్ వదిలేయాల్సినవాటి జాబితా) డిస్ట్ ఉండి, ప్యాకేజ్ జేసన్‌ల (లైబ్రరీ వివరాల ఫైల్) ‘ఫైల్స్’ అనే జాబితా లేకపోతే, అండ్ల ‘మెయిన్’ చూపే ఒక్క ఫైల్ తప్ప డిస్ట్‌ల మిగతాయేవీ ప్యాక్‌ల పడవు. ‘ఫైల్స్’ల డిస్ట్ రాయి. బిల్డ్ చేసి ‘ఎన్‌పీఎం ప్యాక్’ కమాండ్ కొట్టు, వచ్చిన టీజీజెడ్ ఫైల్‌ను (లైబ్రరీ మొత్తం కట్టిన మూట) ఖాళీ ఫోల్డర్‌ల ఇన్‌స్టాల్ చేసి చూడు. ‘ఎన్‌పీఎం లింక్’ను నమ్మకు, అది మొత్తం ఫోల్డర్‌నే చూపిస్తది, తప్పు దాగుతది.

ఓరుగల్లు కోడ్:
పేరు కోసుడు సంగతి: జావాస్క్రిప్ట్‌ల లెంగ్త్ లెక్కపెట్టేది యూటీఎఫ్-16 యూనిట్లను (కంప్యూటర్ రాతను దాచుకునే ముక్కలు), మనం చూసే అక్షరాలను కాదు. వ, ర, సున్న, గ, ల, పొల్లు: మొత్తం 6. ఐదో దగ్గర కోస్తే పొల్లు ఊడింది. స్ప్రెడ్ (మూడు చుక్కల గుర్తు) పెట్టి విడగొట్టినా గంతే. జావాస్క్రిప్ట్‌లనే ఉండే ఇంటల్ సెగ్మెంటర్‌ను గ్రాఫీమ్ (కంటికి కనిపించే అక్షరం) మీద పెట్టు, 4 వస్తది. ‘హన్మకొండ’తోని జాగ్రత్త: ఒత్తులను విడగొట్టే నియమం యూనికోడ్ 15.1ల మారింది. కోడ్‌ను నడిపే రన్‌టైమ్‌ను బట్టి 4 రావచ్చు, 5 రావచ్చు. టెస్టుల ఆ అంకె గట్టిగ రాయకు.

హన్మకొండ పిలగాడు:
‘ఫైల్స్’ పెట్టిన, ఇంపోర్ట్ అయింది. సెగ్మెంటర్ ఇగ చూస్త.