అశాంతి ఉన్న దేశంలో ఫార్ములా వన్: ఆపడానికి లిఖిత నియమం ఉందా?
కడపలో మా కళాశాల చర్చాపోటీ వచ్చే శనివారం. రాజకీయ అశాంతి ఉన్న దేశాల్లో ఫార్ములా వన్ జరపకూడదని నేను వాదించాలి. చిక్కంతా ఉదాహరణలతోనే. 2011లో ప్రభుత్వ వ్యతిరేక నిరసనల వల్ల బహ్రెయిన్ రేసు రద్దయింది. నిరసనలు చల్లారకపోయినా 2012 ఏప్రిల్ 22న నడిపారు. 2022లో ఉక్రెయిన్‌పై దాడి తర్వాత రష్యా రేసును రద్దు చేశారు. అదే ఏడాది మార్చిలో సౌదీ అరేబియాలోని జెద్దాలో ప్రాక్టీసు సాగుతుండగానే యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు అక్కడి చమురు డిపోపై దాడి చేశారు. డ్రైవర్లు రాత్రి గంటల తరబడి చర్చించుకున్నారు, అయినా ఆదివారం రేసు ఆగలేదు.

ఫార్ములా వన్‌ను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ క్రీడా నిబంధనలు, పాత వార్తలు చదివాను, కొలమానం కనబడలేదు. డబ్బే కొలమానమని నా అనుమానం, కానీ న్యాయనిర్ణేతలకు అనుమానం చాలదు.

ఏ పరిస్థితిలో రేసు ఆపాలో చెప్పే నియమం ఎఫ్‌ఐఏ పత్రాల్లో ఎక్కడైనా ఉందా?